స్టిక్కర్ నాదే, లోపల డిస్క్ నాది కాదు: మోసపు రిటర్న్‌కి అప్పీల్ ఎలా వేయాలి?

#1 స్టోరేజ్_షాపు

అందరికీ నమస్కారం. నేను హార్డ్ డిస్కులు, మెమరీ కార్డులు అమ్ముతాను. అమ్మకమంతా ఆన్‌లైన్‌లోనే.

ఒక 14 టీబీ హార్డ్ డిస్క్ "పని చేయడం లేదు" అనే కారణంతో రిటర్న్ వచ్చింది. పెట్టె నాదే, లోపలి యాంటీస్టాటిక్ కవరు నాదే. డిస్క్ మీది స్టిక్కర్ కూడా నేను అమ్మినదానిదే, సీరియల్ నంబర్ ఇన్‌వాయిస్‌తో అక్షరం తేడా లేకుండా సరిపోయింది. కంప్యూటర్‌కి తగిలిస్తే మాత్రం 2 టీబీ అని చూపిస్తోంది. స్టిక్కర్ ఊడదీసి, ఏదో పాత డిస్క్ మీద అంటించి పంపారన్నమాట.

కొరియర్ రిటర్న్ స్కాన్ చేయగానే రీఫండ్ వెళ్లిపోయింది. నేను అమ్మే పోర్టల్‌లో క్లెయిమ్ వేస్తే, "మీరు పంపిన ఫోటోల ప్రకారం సీరియల్ నంబర్ సరిపోయింది, వస్తువు మీదే, కాబట్టి క్లెయిమ్ తిరస్కరిస్తున్నాం" అని జవాబు వచ్చింది. ఆ స్టిక్కర్ సరిపోయేలా చేయడమే ఇక్కడ మోసం. ఆ సంగతి వాళ్లకి ఎలా అర్థం చేయించాలి? రిటర్న్ పెట్టె తెరుస్తున్నప్పుడు తీసిన వీడియో ఉంది, ఫోటోలు ఉన్నాయి. అప్పీల్‌కి ఒక్క అవకాశమే ఇచ్చారు. ఇలాంటిది గెలిచినవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి.

#2 గోదాం_గొంతు

ముందు ఒక్క మాట. ఆ డిస్క్‌ని ఫార్మాట్ చేయకండి, దాని మీద ఒక్క ఫైలు కూడా రాయకండి. పెట్టె, టేపు, పైన అంటించిన రిటర్న్ లేబుల్, ఏదీ పారేయొద్దు. ఆ లేబుల్‌తో పని పడుతుంది, సాయంత్రం వివరంగా రాస్తాను.

#3 పాత_క్లెయిమ్స్_చేయి

ఇంతకుముందు నేను ఒక మార్కెట్‌ప్లేస్ క్లెయిమ్స్ టీమ్‌లో పనిచేశాను. అటువైపు కూర్చున్న మనిషి మీ కేసును ఎలా చూస్తాడో చెబితే మీకు ఉపయోగపడుతుంది.

అతనికి ఒక్కో కేసుకి దొరికేది కొద్ది నిమిషాలే. పొద్దున ఒక చీర కేసు, తర్వాత ఒక మిక్సీ కేసు, ఆ తర్వాత మీ హార్డ్ డిస్క్. అతనికి డిస్కుల గురించి తెలియదు, తెలిసి ఉండాలని ఆశించడం కూడా సరికాదు. అతని ముందు ఉండే ప్రశ్న ఒక్కటే: పంపిన సీరియల్, తిరిగొచ్చిన సీరియల్ ఒకటేనా? మీరు పంపిన ఫోటోలో స్టిక్కర్ కనిపించింది, నంబరు సరిపోయింది, కేసు మూసేశాడు. మిగతా ఫోటోల దాకా అతను వెళ్లనే లేదని నా అనుమానం.

కాబట్టి అప్పీల్‌లో మొదటి వాక్యంలోనే అసలు సంగతి చెప్పేయండి. "డిస్క్ పైన అంటించిన సీరియల్ నంబర్, డిస్క్ లోపల నమోదై ఉన్న సీరియల్ నంబర్ వేరువేరు." అంతే. దాని కింద ఒకే ఫోటో పెట్టండి. ఒక పక్కన స్టిక్కర్, ఇంకో పక్కన స్క్రీన్ మీద కనిపించే నంబరు, రెండూ ఒకే ఫ్రేములో, డిస్క్ కేబుల్‌కి తగిలించి ఉండగా తీసింది. రెండు విడి ఫోటోలు పెడితే, అవి రెండు వేరే డిస్కులవేమో అనే సందేహానికి మీరే చోటిచ్చినట్టు అవుతుంది.

తర్వాత నాలుగైదు వరుసల్లో జరిగిన క్రమం: ఎప్పుడు పంపారు, ఎప్పుడు డెలివరీ అయింది, ఎప్పుడు రిటర్న్ కోరారు, ఎప్పుడు మీ చేతికి వచ్చింది, ఎప్పుడు తెరిచారు. మొత్తం ఒక్క పేజీ దాటకూడదు. వీడియో పెడితే చూడాల్సిన నిమిషం, సెకను రాయండి. "వీడియో జతచేశాను" అని మాత్రమే రాసి వదిలేస్తే ఎవరూ మొదటి నుంచి చివరిదాకా చూడరు.

ఇంకొకటి. "దొంగ", "మోసగాడు" అనే మాటలు వాడకండి. కోపం న్యాయమైనదే, కాదనను. కానీ ఎవరు మార్చారో మీకు తెలియదు, ఏం మారిందో మాత్రమే తెలుసు. తెలిసినదే రాస్తే అవతలివాళ్లు ఒప్పుకోవడం సులభం.

#4 స్టోరేజ్_షాపు

చాలా ధన్యవాదాలండి. స్మార్ట్‌మాన్‌టూల్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో చూశాను. లోపలి సీరియల్ వేరే, మోడల్ నంబర్ కూడా వేరే. పవర్ ఆన్ గంటలు 31 వేలు దాటాయి. ఏడాదికి 8,760 గంటలు కదా, అంటే ఈ డిస్క్ ఆపకుండా మూడున్నరేళ్లు తిరిగినట్టు. నేను అమ్మింది సీలు తీయని కొత్త సరుకు. దీన్నే మొదటి ఆధారంగా పెట్టమంటారా?

#5 డేటా_వైద్యం

నేను డేటా రికవరీ పని చేస్తాను, కాబట్టి డిస్క్ వరకు నేను మాట్లాడతాను.

గంటల లెక్కను రెండో ఆధారంగా పెట్టండి. ఎందుకంటే ఆ లెక్కను చెరిపేయడం తెలిసినవాళ్లు ఉన్నారు. 2025 మొదట్లో కొన్ని సీగేట్ డిస్కుల విషయం బయటపడింది గుర్తుందా? వాడేసిన డిస్కుల గంటలను సున్నా చేసి కొత్తవిగా అమ్మారు. వాటిని పట్టించింది ఫార్మ్ అనే ఇంకో లాగ్. డిస్క్ తన వాడకాన్ని తానే రాసుకునే మామూలు లెక్కని స్మార్ట్ అంటారు, సీగేట్ డిస్కుల్లో దానితో పాటు ఇది విడిగా నడుస్తుంది, స్మార్ట్‌మాన్‌టూల్స్ 7.4 వెర్షన్ నుంచి దీన్ని చదవగలదు. మీ చేతిలో ఉన్నది సీగేట్ అయితే ఆ లాగ్ కూడా తీసి ఉంచుకోండి.

కానీ మీకు అంతకంటే సులువైన ఆధారం ఉండొచ్చు. మీరు అమ్మింది 14 టీబీ అన్నారు. ఆ సైజు డిస్కుల్లో గాలికి బదులు హీలియం నింపుతారు. 2013లో హెచ్‌జీఎస్‌టీ అనే కంపెనీ 6 టీబీ డిస్క్‌తో ఈ పద్ధతి మార్కెట్‌లోకి వచ్చింది. హీలియం బయటికి పోకూడదు కాబట్టి మూతను పూర్తిగా మూసి వెల్డ్ చేస్తారు. పాత 2 టీబీ డిస్కుల్లో ఉండేది మామూలు గాలి. వాటి ఒంటి మీద గాలి పీడనం సరిచేసుకోవడానికి ఒక చిన్న రంధ్రం ఉంటుంది, పక్కనే దాన్ని మూయవద్దని హెచ్చరిక ఉంటుంది. మీ చేతిలో ఉన్న డిస్క్‌ని తిప్పి చూడండి. రంధ్రం కనిపిస్తే ఫోటో తీసి, కంపెనీ వెబ్‌సైట్‌లో మీ మోడల్ డేటాషీట్‌లో (సాంకేతిక వివరాల పత్రంలో) హీలియం అని రాసి ఉన్న పేజీని పక్కన పెట్టండి. కంప్యూటర్ ముట్టుకోనివాళ్లకి కూడా కంటికి కనిపించే తేడా అది.

#6 స్టోరేజ్_షాపు

రంధ్రం ఉంది! స్టిక్కర్ అంచు కొంచెం దాని మీదకి వచ్చింది, అందుకే నా కంట పడలేదు. మీకు ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు.

#7 వస్త్రవాణి

ఈ చర్చ చదువుతుంటే కడుపు మండిపోతోంది. బట్టలు అమ్మేవాళ్లకి సీరియల్ నంబర్ అనేదే ఉండదు. ఫంక్షన్‌కి వేసుకుని, చెమట వాసనతో, కాలర్‌కి ఫౌండేషన్ మరకతో తిరిగొస్తుంది. కారణం మాత్రం "సైజు సరిపోలేదు". వార్డ్‌రోబింగ్ అంటారట దీన్ని. పేరు ఏదైతేనేం, ఒకసారి వేసుకున్న డ్రెస్‌ని నేను ఇంకొకరికి కొత్తదని అమ్మలేను, అమ్మను.

నాకు బాగా పనిచేసింది ట్యాగ్ స్థానం మార్చడం. మెడ వెనక లోపలివైపు ఉండే ట్యాగ్‌ని దాచిపెట్టి వేసుకోవచ్చు. అదే పెద్ద ట్యాగ్‌ని ఛాతీ దగ్గరో, నడుము దగ్గరో బయటికి కనిపించేలా, ఒకసారి తెంపితే మళ్లీ అతకని పిన్‌తో పెడితే ఇంట్లో సైజు చూసుకోవచ్చు, పదిమందిలోకి వెళ్లలేరు. "ఈ ట్యాగ్ తీస్తే రిటర్న్ ఉండదు" అని దాని మీద, లిస్టింగ్‌లో, ఇన్‌వాయిస్‌లో మూడు చోట్లా ఒకే మాట రాశాను. మూడు చోట్లా ఒకే మాట ఉండటం ముఖ్యం. ఒకచోట ఒకలా, ఇంకోచోట ఇంకోలా ఉంటే క్లెయిమ్‌లో మనమే ఓడిపోతాం.

అలాగని రెండు సైజులు తెప్పించుకుని సరిపోయినది ఉంచుకునేవాళ్లను నేను మోసగాళ్ల లెక్కలో వేయను. వాళ్లు వేసి చూసుకుంటారు, మడిచి పంపేస్తారు. షాపులో ట్రయల్ రూమ్ ఉన్నట్టే అది. సైజు చార్ట్‌లో సెంటీమీటర్లు సరిగ్గా రాస్తే అవి కూడా తగ్గుతాయి.

#8 పాత_క్లెయిమ్స్_చేయి

అక్కా, మీరు చెప్పిన తేడా చాలా ముఖ్యం. విదేశాలకి పంపేవాళ్ల కోసం ఒక విషయం చేరుస్తాను. యూరోపియన్ యూనియన్‌లో ఆన్‌లైన్‌లో కొన్నవాళ్లకి కారణం చెప్పకుండా 14 రోజుల్లో వెనక్కి ఇచ్చే హక్కు ఉంది, 2011 నాటి వినియోగదారుల హక్కుల డైరెక్టివ్ ప్రకారం. అదే చట్టం అమ్మేవాళ్లకి రెండు రక్షణలు కూడా ఇచ్చింది. వస్తువు తిరిగి వచ్చేదాకా, లేదా పంపినట్టు రుజువు చూపేదాకా రీఫండ్ ఆపుకోవచ్చు. వస్తువు ఎలా ఉందో చూసుకోవడానికి అవసరమైనంత కంటే ఎక్కువగా వాడి విలువ తగ్గిస్తే ఆ తగ్గుదల కొనుగోలుదారు భరించాలి. ఈ రెండో నియమం చాలామంది సెల్లర్లకి తెలియదు. తెలిస్తే పార్టీలో వేసుకొచ్చిన డ్రెస్‌కి పూర్తి రీఫండ్ ఇవ్వాల్సిన పని లేదని అర్థమవుతుంది. కాకపోతే హక్కుల సమాచారాన్ని కొనేముందే కొనుగోలుదారుకి ఇచ్చి ఉండాలి.

#9 రెండోచేతి_ఫోన్లు

ఫోన్ల సంగతి నేను రాస్తాను. ఐఎంఈఐ అంటే ఒక్కో ఫోన్‌కి విడిగా ఉండే గుర్తింపు నంబర్, 15 అంకెలు, మొదటి ఎనిమిది అంకెలు మోడల్‌ని చెబుతాయి. పెట్టె మీద ఏముందన్నది నేను పట్టించుకోను. స్టార్ హ్యాష్ సున్నా ఆరు హ్యాష్ నొక్కితే స్క్రీన్ మీద వచ్చేదే లెక్క. పంపే ముందు ఆ స్క్రీన్‌ని వీడియోలో చూపించి, ఆపకుండా అదే టేక్‌లో ప్యాక్ చేసి, లేబుల్ అంటించేదాకా తీస్తాను.

ఈమధ్య తెలివి మీరిపోయారు. ఐఎంఈఐ మదర్‌బోర్డుతో పాటు ఉంటుంది కాబట్టి దాన్ని ముట్టుకోరు, స్క్రీనూ బ్యాటరీ మార్చేసి పంపుతారు. నంబర్ సరిపోతుంది, ఫోన్ సగం వేరేది. ఐఫోన్‌లో ఐఓఎస్ 15.2 నుంచి సెట్టింగ్స్‌లో అబౌట్ పేజీలో మార్చిన భాగాల చరిత్ర కనిపిస్తుంది. పంపే ముందు ఆ పేజీ స్క్రీన్‌షాట్, తిరిగొచ్చాక మళ్లీ అదే పేజీ. ఈ రెండూ పక్కపక్కన పెడితే వాదన ఉండదు. ఇంకా యాక్టివేషన్ లాక్, అంటే ఫోన్‌ని పాత అకౌంట్‌కి కట్టేసే తాళం, తీయకుండా పంపితే ఆ ఫోన్ ఇటుకతో సమానం. రిటర్న్ ఒప్పుకునే ముందే "మీ అకౌంట్ నుంచి తీసేసిన స్క్రీన్ పంపండి" అని అడగండి, అది కూడా పోర్టల్ మెసేజ్‌లోనే.

#10 కొనుగోలుదారు_వైపు

నేను సెల్లర్ని కాదు, కొనేవాడిని. నా మాట కూడా వినండి. ఒకసారి నాకు వచ్చిన సీలు పెట్టెలో నేను ఆర్డర్ చేసినదానికి బదులు వేరే వస్తువు ఉంది. రిటర్న్ పెడితే సెల్లర్ నన్నే అనుమానించారు, నేనే మార్చానని పోర్టల్‌లో రాశారు. నా దగ్గర వీడియో లేదు, ఎవరు తీస్తారండి ప్రతి పార్సిల్‌కీ? ఆ డబ్బు కంటే ఆ మాటకి ఎక్కువ బాధపడ్డాను. చివరికి గోదాంలో పొరపాటు జరిగిందని తేలింది. మీ అందరి కష్టం నాకు అర్థమవుతోంది, కానీ తిరిగొచ్చిన ప్రతి పెట్టె వెనకా దొంగ ఉన్నాడని మొదలుపెడితే నాలాంటివాళ్లు నలిగిపోతారు.

#11 గోదాం_గొంతు

పై పోస్టు అందరూ రెండుసార్లు చదవాలని నా కోరిక. నేను పనిచేసే చోట రోజూ చూస్తాను: వస్తువు మారగలిగే చోట్లు చాలా ఉన్నాయి. ప్యాకింగ్ బల్ల దగ్గర, దారిలో, డెలివరీ దగ్గర, కొన్నవాళ్ల ఇంట్లో, రిటర్న్ పికప్‌లో, రిటర్న్ గోదాంలో. పెద్ద గోదాముల్లో వేర్వేరు సెల్లర్ల ఒకే రకం సరుకును కలిపి ఉంచే పద్ధతి ఉన్నచోట, ఒక సెల్లర్ దగ్గరికి వచ్చిన నకిలీ రిటర్న్ ఇంకో సెల్లర్ పేరు మీద మరో కొనుగోలుదారుకి వెళ్లే ప్రమాదం కూడా ఉంది. ఆయనకు జరిగింది అదే కావచ్చు. మీ సరుకుకి మీ సొంత బార్‌కోడ్ అంటించి, కలపకుండా విడిగా ఉంచే అవకాశం ఉంటే అదే ఎంచుకోండి.

ఇప్పుడు బరువు సంగతి. పెద్ద కొరియర్ల సార్టింగ్ సెంటర్లలో పార్సిల్ బెల్ట్ మీద వెళ్తుంటే బరువు, పొడవు, వెడల్పు, ఎత్తు యంత్రమే కొలిచి నమోదు చేస్తుంది. చార్జీ లెక్క కోసం చేసే పని అది, కానీ మనకి సాక్ష్యం అవుతుంది. వెళ్లేటప్పుడు ఉన్న బరువు, వచ్చేటప్పుడు ఉన్న బరువు పోల్చితే ఎక్కడ మారిందో కొంత తెలుస్తుంది. డెలివరీకి ముందే బరువు తగ్గిందంటే కొనుగోలుదారుకి సంబంధం లేదు. పికప్ బరువే తక్కువుంటే అక్కడికి ముందే మారింది. ఈ రికార్డు ట్రాకింగ్ పేజీలో ఉండదు, కొరియర్‌కి రాసి అడగాలి, అది కూడా త్వరగా. డిస్క్ కేసులో డిస్కుకీ డిస్కుకీ తేడా తక్కువ కావచ్చు, అయినా అడగండి.

ఇంకో రకం మోసం గురించి కొత్తవాళ్లకి తెలియాలి. రిటర్న్ లేబుల్‌ని మార్చేస్తారు. బార్‌కోడ్ అలాగే ఉంచి, చిరునామాని చెరిపి, అదే ప్రాంతంలో వేరే చిరునామా వేస్తారు, లేదా ఖాళీ కవరుకి ఆ బార్‌కోడ్ అంటిస్తారు. ట్రాకింగ్‌లో "డెలివర్డ్" అని వస్తుంది, సిస్టమ్ రీఫండ్ ఇచ్చేస్తుంది, మీకు ఏమీ అందదు. మీకు రాని పార్సిల్‌కి డెలివర్డ్ అని కనిపిస్తే వెంటనే డెలివరీ రుజువు అడగండి: ఏ చిరునామాలో దించారు, ఎవరు సంతకం చేశారు, డెలివరీ మనిషి చేతి యంత్రంలో నమోదైన లొకేషన్, బరువు. ఈ నాలుగింట్లో ఏదో ఒకటి తేడా చూపించే అవకాశం ఎక్కువ.

#12 వస్త్రవాణి

మనందరం కలిసి ఇలాంటి కొనుగోలుదారుల పేర్లు, చిరునామాలు, ఫోన్ నంబర్లు ఒక షీట్‌లో పెట్టుకుంటే ఎలా ఉంటుంది? ఒకరిని మోసం చేసినవాళ్లు రెండోవారి దగ్గరికే కదా వస్తారు.

#13 మోడరేటర్

దయచేసి వద్దు. కొనుగోలుదారుల వ్యక్తిగత వివరాలు మీకు ఇచ్చింది ఆర్డర్ పంపడానికి మాత్రమే. పోర్టల్ నిబంధనలూ, చాలా దేశాల డేటా రక్షణ చట్టాలూ దీన్ని ఒప్పుకోవు. పైన #10లో రాసినలాంటి మనిషి పేరు ఆ షీట్‌లోకి ఎక్కితే దాన్ని ఎవరు తీస్తారు? మీ అకౌంట్‌లో బ్లాక్ చేసుకునే సదుపాయం ఉంటే వాడుకోండి, పోర్టల్‌కి రిపోర్ట్ చేయండి. ఇక్కడ పేర్లు రాస్తే పోస్టు తీసేస్తాను.

#14 పేమెంట్స్_పక్క

నేను పేమెంట్ల కంపెనీలో డిస్ప్యూట్ల పని చూస్తాను. సొంత వెబ్‌సైట్‌లో అమ్మేవాళ్లకి పోర్టల్ క్లెయిమ్ ఉండదు, నేరుగా చార్జ్‌బ్యాక్ వస్తుంది, అంటే కొన్నవాళ్లు తమ బ్యాంకు ద్వారా కార్డు డబ్బు వెనక్కి అడుగుతారు. అక్కడ ముందు చూడాల్సింది కారణం కోడ్. వీసాలో 13.1 అంటే వస్తువు అందలేదని, 13.3 అంటే చెప్పినట్టు లేదని, 10.4 అంటే కార్డు నా అనుమతి లేకుండా వాడారని. చాలామంది దేనికైనా ఒకటే డెలివరీ రసీదు పంపేస్తారు. 13.3కి డెలివరీ రసీదు ఏం చెబుతుంది? అందిందని ఆయనే ఒప్పుకుంటున్నాడు. అక్కడ కావాల్సింది లిస్టింగ్‌లో ఏం రాశారు, ఏం పంపారు, రిటర్న్ కోసం మీరేం జవాబిచ్చారు అన్నది.

10.4 విషయంలో 2023 ఏప్రిల్ నుంచి వీసా ఒక మంచి మార్పు తెచ్చింది. అదే కార్డుతో అదే మనిషి ఇంతకుముందు మీ దగ్గర కొన్న, వివాదం లేని రెండు లావాదేవీలు చూపించాలి. అవి డిస్ప్యూట్‌కి 120 నుంచి 365 రోజుల ముందువై ఉండాలి. ఐపీ చిరునామా, డివైస్ గుర్తింపు, డెలివరీ చిరునామా, లాగిన్ ఐడీ వీటిలో కనీసం రెండు కలవాలి, ఆ రెండింట్లో ఒకటి ఐపీ గానీ డివైస్ గానీ అయి ఉండాలి. అవి చూపిస్తే బాధ్యత మీ మీద పడదు. అంటే ఈ వివరాలను ప్రతి ఆర్డర్‌తో పాటు మీ సిస్టమ్‌లో భద్రంగా ఉంచుకోవాలి, తర్వాత వెతికితే దొరకవు.

రెండు జాగ్రత్తలు. రీఫండ్ ఎప్పుడూ డబ్బు వచ్చిన దారిలోనే వెనక్కి పంపండి. "ఆ కార్డు పోయింది, ఈ అకౌంట్‌కి వేయండి" అని అడిగితే ఒప్పుకోవద్దు. అక్కడ తీసుకుని, ఇక్కడ కార్డు మీద చార్జ్‌బ్యాక్ కూడా వేస్తారు. రెండోది, రీఫండ్ ఇచ్చాక కూడా చార్జ్‌బ్యాక్ వస్తే ఊరుకోకండి, రీఫండ్ రిఫరెన్స్ నంబర్‌తో గడువులోగా జవాబివ్వండి. జవాబివ్వకపోతే ఓడినట్టే లెక్క.

రిటర్న్ మోసం ఒంటరిగా చేసే పని మాత్రమే కాదని కూడా గుర్తుంచుకోండి. 2023 డిసెంబరులో అమెజాన్ "రెక్" అనే గుంపు మీద అమెరికా కోర్టులో కేసు వేసింది. వస్తువు మీరే ఉంచుకోండి, రీఫండ్ మేం ఇప్పిస్తాం, అందులో కొంత శాతం మాకివ్వండి అని సోషల్ మీడియాలో బేరం పెట్టారన్నది ఆరోపణ. లోపలి ఉద్యోగులకి లంచాలు ఇచ్చారని కూడా ఆ ఫిర్యాదులో ఉంది. మీ క్లెయిమ్ తిరస్కరించినంత మాత్రాన వ్యవస్థ అంతా మీకు వ్యతిరేకం అనుకోకండి, వాళ్లూ నష్టపోతున్నారు.

#15 పుస్తకాల_బీరువా

నాది చిన్న వ్యాపారం, పాత పుస్తకాలు అమ్ముతాను. నా అభిప్రాయం వేరు. ఇంత రాసుకోవడం, వీడియోలు, అప్పీళ్లు, వీటికి పోయే సమయంలో నేను ఇంకో పది పుస్తకాలు లిస్ట్ చేసుకోవచ్చు. చిన్న మొత్తం అయితే వదిలేసి ముందుకు పోతాను. మనసు ప్రశాంతంగా ఉంటుంది.

#16 రెండోచేతి_ఫోన్లు

మీ వస్తువు ధరకి అది సరిపోతుంది అన్నా, నా ధరకి సరిపోదు. ఒక్క ఫోన్ పోతే ఆ నెల లాభం మొత్తం పోతుంది. ఎంతలోపు అయితే వదిలేయాలి, ఎంత దాటితే పోరాడాలి అనేది కోపంలో ఉన్నప్పుడు కాకుండా ముందే కూర్చుని నిర్ణయించుకుంటే మంచిది.

#17 పాత_క్లెయిమ్స్_చేయి

డబ్బు వదిలేయండి, తప్పులేదు. రిపోర్ట్ మాత్రం వదలకండి. ఒక అకౌంట్ మీద వేర్వేరు సెల్లర్ల నుంచి వచ్చిన రిపోర్టులు కలిస్తేనే అటువైపు ఏదైనా కదులుతుంది. ఒక్కరే రిపోర్ట్ చేస్తే అది గొడవలా కనిపిస్తుంది. పదిమంది చేస్తే అది అలవాటని తెలుస్తుంది. రెండు నిమిషాల పని.

అలాగే "రిటర్న్ పెట్టను, సగం డబ్బు ఇవ్వండి, లేకపోతే ఒక స్టార్ ఇస్తాను" అనే మెసేజ్ వస్తే భయపడి ఇచ్చేయకండి. రేటింగ్‌తో బెదిరించి డబ్బో, అదనపు వస్తువో అడగడాన్ని ఈబే లాంటి వేదికలు నిబంధనల్లోనే నిషేధించాయి. కాకపోతే ఆ బెదిరింపు పోర్టల్ మెసేజ్‌లో ఉండాలి. ఫోన్‌లో మాట్లాడదాం అంటే "ఇక్కడే రాయండి" అని మర్యాదగా చెప్పండి.

#18 స్టోరేజ్_షాపు

అప్పీల్ పంపాను. ఒకే పేజీ. మొదటి వాక్యం మీరు చెప్పినదే. దాని కింద స్టిక్కర్, స్క్రీన్ ఒకే ఫ్రేములో. ఆ తర్వాత రంధ్రం ఫోటో, డేటాషీట్ పేజీ. చివర గంటల లెక్క, వీడియోలో చూడాల్సిన నిమిషం. కొరియర్‌ని బరువు అడిగాను, వెళ్లేటప్పటికీ వచ్చేటప్పటికీ పెద్ద తేడా లేదు, కాబట్టి దాన్ని పెట్టలేదు.

ఇప్పుడు జవాబు వచ్చింది. కేసు మళ్లీ తెరిచారు, డిస్క్‌ని తనిఖీకి పంపమంటున్నారు. పంపడానికి చేయి రావడం లేదు. ఉన్న ఒక్క ఆధారం అదే కదా, అక్కడ పోతే? ఏం చేయమంటారు?

#19 డేటా_వైద్యం

పంపాలి. పంపకపోతే మీరే తప్పుకున్నట్టు రాసుకుంటారు. కానీ పంపే ముందు డిస్క్ ఆరు వైపులా ఫోటోలు తీయండి, సర్క్యూట్ బోర్డు వైపు ముఖ్యం. బోర్డు మీద అచ్చయిన నంబర్లు స్పష్టంగా రావాలి. స్మార్ట్‌మాన్‌టూల్స్ ఇచ్చిన పూర్తి రిపోర్ట్‌ని ఫైలుగా సేవ్ చేసి, ఆ ఫైలుని మీకు మీరే మెయిల్ చేసుకోండి, తేదీ దానంతట అదే నమోదవుతుంది.

#20 గోదాం_గొంతు

సంతకం తీసుకునే డెలివరీ, ఇన్సూరెన్స్ రెండూ పెట్టండి. తెరిస్తే తెలిసిపోయే సీల్ కవరులో పెట్టి, ఆ సీల్ నంబర్‌ని కేసు మెసేజ్‌లో ముందే రాయండి. ప్యాక్ చేసిన పెట్టెని మీ దగ్గరే తూచి, తూకం యంత్రం అంకె, లేబుల్ రెండూ కనిపించేలా ఫోటో తీయండి.

#21 వస్త్రవాణి

తమ్ముడూ, ధైర్యంగా ఉండు. తనిఖీకి అడిగారంటే చదివారనే అర్థం. నాకు ఎప్పుడూ అంతదాకా కూడా రాలేదు.

#22 స్టోరేజ్_షాపు

తనిఖీ రిపోర్ట్ వచ్చింది. "తిరిగి వచ్చిన వస్తువు అమ్మిన వస్తువు కాదు" అని రాశారు. వస్తువు ధర మొత్తం ఇచ్చారు. పంపిన ఖర్చు, రిటర్న్ ఖర్చు ఇవ్వలేదు. ఆ కొనుగోలుదారు మీద ఏం చర్య తీసుకుంటారో చెప్పలేదు, చెప్పరని కూడా అన్నారు. అది సబబే. ఎవరు మార్చారో నాకూ తెలియదు.

ఇక్కడ జవాబిచ్చిన ప్రతి ఒక్కరికీ మనస్ఫూర్తిగా ధన్యవాదాలు. ఇంకొక్క ప్రశ్న. స్టిక్కర్‌నే మార్చేస్తున్నప్పుడు ఇకమీదట పంపే డిస్కులకి ఏం గుర్తు పెట్టాలి?

#23 డేటా_వైద్యం

స్టిక్కర్ మీద మాత్రమే ఉండే గుర్తు వద్దు, డిస్క్ ఒంటి మీద మాత్రమే ఉండేదీ వద్దు. రెండింటినీ కలిపేది కావాలి. ఊడదీస్తే ముక్కలయ్యే చిన్న సీలు ఒకటి తీసుకుని, సగం స్టిక్కర్ అంచు మీద, సగం లోహం మీద పడేలా అంటించండి. సీరియల్, బార్‌కోడ్, గాలి రంధ్రం ఏదీ కప్పకూడదు. కంపెనీ సీళ్ల జోలికి వెళ్లకండి, వారంటీ పోతుంది. తయారీదారు కవరు సీలు వేసి ఉన్న సరుకైతే దాన్ని తెరవకుండా, ఆ కవరు మూసిన అతుకు మీదే మీ సీలు వేయండి. ఆ సీలు తీస్తే రిటర్న్ ఆగిపోదని, తీసిన వస్తువుని తనిఖీ చేసి తీసుకుంటారని లిస్టింగ్‌లో రాయండి. డిస్క్ నిజంగా చెడిపోయి వెనక్కి పంపేవాళ్లు కవరు తెరవకుండా ఎలా తెలుసుకుంటారు?

#24 మట్టి_బొమ్మలు

ఆలస్యంగా వచ్చాను, క్షమించండి. నేను మట్టి బొమ్మలు చేసి అమ్ముతాను. నాకు వచ్చేది వేరే సమస్య. "పగిలిపోయి వచ్చింది" అని ఫోటో పంపుతారు, రీఫండ్ తీసుకుంటారు. ఆ ఫోటో నిజమో, ఇంటర్నెట్‌లో దొరికిందో, ఏఐతో చేసిందో ఎలా తెలుస్తుంది? బొమ్మ వెనక్కి తెప్పించుకుంటే రవాణా ఖర్చే ఎక్కువ.

#25 పాత_క్లెయిమ్స్_చేయి

వెనక్కి తెప్పించుకోనక్కర్లేదు అండి. ఇంకో ఫోటో అడగండి: పగిలిన ముక్కలన్నీ పెట్టెలోనే ఉంచి, పక్కన షిప్పింగ్ లేబుల్, ఆర్డర్ నంబర్‌లోని చివరి నాలుగు అంకెలు చేత్తో రాసిన కాగితం. నిజంగా పగిలినవాళ్లకి అది నిమిషం పని, చాలామంది సంతోషంగా పంపుతారు. "కొరియర్ దగ్గర నష్టపరిహారం అడగడానికి కావాలి" అని కారణం చెప్పండి, అది నిజం కూడా, ఆ ఫోటో లేకుండా కొరియర్ మీ క్లెయిమ్ చూడదు. ఇంకా, ప్రతి బొమ్మ అడుగున కాల్చే ముందే ఒక నంబరు చెక్కండి, పంపేటప్పుడు ఆ అడుగు ఫోటో తీసి పెట్టుకోండి. అడిగే ఫోటోలో ఆ నంబరున్న ముక్క కూడా కనిపించాలని చెప్పండి.

#26 మట్టి_బొమ్మలు

నంబరు చెక్కడం ఇప్పుడు ఆరబెట్టిన బొమ్మల నుంచే మొదలుపెడతాను. కాల్చేసినవి ఉన్నాయి, వాటికి?

#27 డేటా_వైద్యం

వాటి అడుగున సన్నటి పర్మనెంట్ మార్కర్‌తో రాయండి. మెరుపు పూత లేని చోట రాస్తే మట్టి ఇంకును పీల్చుకుంటుంది, తుడిచినా పోదు.